ఇంటికి వచ్చిన వెండితెర

కోహీరు నుండి ఒక శ్రోత ఇటీవల మాకొక ఉత్తరము వ్రాసినారు. జామతోట కాపు అమ్ముడుపోగా చేతికి వచ్చిన సొమ్ములో కొంత తీసి పెద్ద టెలివిజను ఒకటి కొనదలచినారట. తండ్రిగారికి ఎనుబది ఏండ్లు దాటినవి. జహీరాబాదు దాక వెళ్ళి సినిమా చూచు ఓపిక లేదు, పాత సినిమాలమీద మక్కువ మాత్రము తగ్గలేదు. వాటిని ఇంట కూర్చుండి తృప్తిగా చూచుటకు ఎట్టి పెట్టె తగునో తెలుపుడని వారి కోరిక. దుకాణములో పది పన్నెండు తెరలు వరుసగా వెలుగుచుండగా చూచినారట. అన్నియు ఒకదానిని మించి ఒకటి మెరయుచుండెననియు, ఇంటికి వచ్చి తలచుకొనగా ఒక్క బొమ్మయు గుర్తు రాలేదనియు వ్రాసినారు. ఈ చివరి మాట మాకు మిక్కిలి నచ్చినది.

మేము రేడియోవారము. ఏ కంపెనీ పెట్టె కొనవలెనో చెప్పుట మా పని కాదు. చెప్పినను ఆరు మాసములలో ఆ మాట పాతబడును. కాని వెండితెర మన ఇండ్లకు ఏయే రూపములలో వచ్చినదో, వచ్చిన ప్రతిమారును మనము దేనిని చూచి మురిసి దేనిని విడిచితిమో చెప్పగలము. ఆ చరిత్ర తెలిసినవారికి దుకాణములో ఏమి అడుగవలెనో తోచకపోదు.

నిజమునకు సినిమా మన ఇండ్లకు మొదట వచ్చినది బొమ్మ లేకుండనే. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ప్రారంభమైనది. తరువాతి కాలమున తెలుగు కేంద్రముల నుండి వెలువడిన ‘సంక్షిప్త శబ్దచిత్రం’ ఎరుగని ఇల్లు లేదు. రెండున్నర గంటల సినిమాను కుదించి, మాటలు, పాటలు మాత్రమే వినిపించెడివారము. కత్తుల ఖణఖణలు, గుఱ్ఱపు డెక్కలు, వెక్కి యేడ్చు తల్లి, అన్నియు చెవికే. బొమ్మను శ్రోతలే కట్టుకొనెడివారు. ఆ బొమ్మకు చుక్కలు లేవు, గీతలు లేవు, చీకటి కావలసినచోట కాటుకవంటి చీకటి. ఇది మా గొప్ప చెప్పుకొనుటకు కాదు. తరువాత వచ్చిన యంత్రములు చాలకాలము ఆ చీకటిని చూపలేకపోయిన సంగతి ముందు రానున్నది కనుక చెప్పితిమి.

మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆరంభమైనది. తెలుగు పల్లెలకు అది తొలుత వచ్చినది ఆకాశమునుండియే. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వరకు ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములందలి 2400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. ఆ ఆరింట ఆంధ్రప్రదేశ్ ఒకటి. సన్నని తీగవల పరచిన మూడు మీటర్ల గొడుగును గ్రామములో నిలిపి నేరుగా ఉపగ్రహమునుండి బొమ్మ పట్టెడివారు. అందుకు కావలసిన పెట్టెలను చేసినది మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. వ్యవసాయము, ఆరోగ్యము, బడిపిల్లల పాఠములు అందలి ముఖ్య విషయములు. ఊరంతయు ఒక్క పెట్టె ముందు కూర్చుండుట అప్పటి పద్ధతి. ఎవరి పెట్టె మేలైనదను ప్రశ్నయే పుట్టలేదు.

ఆ ప్రశ్న 1977తో పుట్టినది. ఆ సంవత్సరము అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రసారములు ప్రారంభించినది. అదే యేడు గుల్బర్గాలోను టెలివిజను కేంద్రము వెలసినది. ఇక్కడ కోహీరు ఉనికిని కొంచెము తలచుకొనవలసియున్నది. కోహీరు జామను హైదరాబాదు బజారులో ఎరుగనివారు లేరు. ఎఱ్ఱనేల, ఎత్తైన పీఠభూమి, వికారాబాదు నుండి బీదరు వైపు పోవు రైలుదారి. 1956 వరకు ఆ ప్రాంతము బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనలో జహీరాబాదు తాలూకాతో కూడ మెదకు జిల్లాకు వచ్చినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును ఒకే వీధిలో వినబడును. అట్టి ఊరికి తూర్పున హైదరాబాదు, పడమట గుల్బర్గా, రెండును ఇంచుమించు వందేసి కిలోమీటర్ల దూరమున నున్నవి.

రేడియో మధ్యతరంగములు నేలను అంటుకొని దూరము ప్రాకును. వందకు పైగా కిలోమీటర్లు వాటికి లెక్క కాదు. టెలివిజను తరంగములు వెలుతురువలె ఇంచుమించు తిన్నగా పోవును, భూమి వంపు అడ్డము వచ్చినచోట సన్నగిల్లును. కావున కోహీరు వంటి ఊళ్ళకు బొమ్మ అంచున అందును, అందీ అందకుండును. ఊరు ఎత్తున నుండుట కొంత మేలు. మిగిలిన మేలును ఇంటివారే సంపాదించుకొనవలె. మేడమీద పొడవైన ఇనుపగొట్టము, దాని కొనను చేపముల్లు వంటి యాంటెన్నా, దానికొక బూస్టరు. (ఆ చేపముల్లును ప్రపంచమంతయు ‘యాగీ’ యని పిలుచును. 1926 నాటి ఆ కల్పనలో ఎక్కువ శ్రమ పడినది ఉడా అను ఆయన సహచరుడు. పేరు మాత్రము యాగీగారికి దక్కినది.) వారమునకొక సినిమా వేయు సాయంకాలమున పైన కొడుకు గొట్టము త్రిప్పుచు “నాయినా, వచ్చిందా?” అని కేకవేయుట, లోపలినుండి తండ్రి “వచ్చింది, వచ్చింది... అగో, పోయింది!” అని బదులు పలుకుట, ఆ తరమువారికి ఇప్పటికిని చెవులలో మ్రోగుచుండును. చేపముల్లు తూర్పు మొగముగా నున్న తెలుగు, అదృష్టము బాగున్న రాత్రి పడమటికి త్రిప్పిన కన్నడము.

ఆనాడు బొమ్మ నాణ్యమంతయు మేడమీదనే ఉండెను, పెట్టెలో కాదు. ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనను అందిన బొమ్మనే చూపును. అయినను జనులు పెట్టెను దేనినిబట్టి ఎన్నుకొనిరి? చెక్క అలమరను బట్టి, ఇరువైపులకు జరుగు తలుపులను బట్టి, తాళము పడునా లేదా అనుదానిని బట్టి. నలుపు తెలుపు తెరకు రంగు రావలెనని పైన నీలము, క్రింద ఆకుపచ్చ పూసిన ప్లాస్టిక్కు పలక నొకదానిని అడ్డము పెట్టుట కూడ కొంతకాలము వేడుకయైనది. ఆకాశము నీలముగా నుండుట బాగే, కథానాయిక నుదురుకూడ నీలమగుచుండెను.

1982 ఆగస్టు 15న రంగుల ప్రసారములు మొదలైనవి. ఆ యేటి నవంబరులో ఢిల్లీలో జరిగిన ఏషియా క్రీడలను రంగులలో చూడగలిగినవారు ధన్యులు. 1984లో దేశమంతట చిన్న ట్రాన్స్‌మిటర్లు ఎడతెగక వెలసినవి. పెట్టెమీద రంగునకు ఒక బిరడ, వెలుతురునకు ఒక బిరడ, తేడాకు ఒక బిరడ ఉండెను. మూడింటిని చివరి దాక త్రిప్పి ఉంచిన ఇండ్లను మేము అనేకము చూచితిమి. ముఖములు టమాటాపండ్లవలె ఎఱ్ఱబడినను, రంగు పెట్టెకు సొమ్ము పెట్టితిమి కావున రంగు కనబడవలెనని వారి వాదము. దీనిని పరిహాసము చేయజాలము. నేటి దుకాణదారుడు చేయునదియు ఇదియే. తేడా యేమనగా ఇప్పుడు బిరడకు బదులు ‘వివిడ్’ అను పేరు గల అమరిక ఉన్నది.

సినిమాను ఈ చిన్న తెరకు ఎక్కించుటలో మరి రెండు నష్టములు జరిగినవి. వాటిని గమనించినవారు తక్కువ. మొదటిది ఆకారము. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రము. దాని బొమ్మ ఎత్తునకు రెట్టింపుకంటె వెడల్పు, సుమారు 2.35 వంతులు. నాటి టెలివిజను తెర ఎత్తు మూడు పాళ్ళయిన వెడల్పు నాలుగు పాళ్ళే. తెర నిండవలెనన్నచో బొమ్మలో నూటికి 40 పాళ్ళకు పైగా ఇరుప్రక్కల కోసివేయవలె. మన్యపు కొండలు, దొంతరలుగా నిలిచిన జనము అంచులలో పోయి, నడుమ నున్న మనిషి మిగులును. బొమ్మ మొత్తము చూపినచో పైన క్రింద నల్లని పట్టీలు పడును. ‘సగము తెర వృథాయైనది’ అని ఇంటివారు గొణిగెడివారు. వృథా కాలేదు. ఆ పట్టీలు ఉన్ననాడే సినిమా మొత్తము ఇంటికి వచ్చినది.

రెండవ నష్టము వేగము. ఇది మావంటి చెవి మనుష్యులకే ఎక్కువ బాధ. ఫిల్ము క్షణమునకు 24 బొమ్మలు నడచును. మన టెలివిజను పద్ధతిలో క్షణమునకు 25. ఆ ఒక్క బొమ్మను సరిపెట్టుటకు సినిమానే కొంచెము త్వరగా నడిపెడివారు. 150 నిమిషముల సినిమా 144 నిమిషములలో ముగియును. పాట శ్రుతి ఇంచుమించు అరస్వరము పైకి జరుగును. రేడియోలో ఏండ్ల తరబడి విన్న ఘంటసాలవారి గొంతు టెలివిజనులో ఏదో లేతగా తోచినదని చెప్పిన శ్రోతలను మేమెరుగుదుము. వారి చెవి పొరబడలేదు.

వీడియో క్యాసెట్ల కాలమును త్వరగా దాటుదము. పెండ్లి నాటి రాత్రి పెట్టెను, ప్లేయరును అద్దెకు తెచ్చి తెల్లవారులు మూడు సినిమాలు వేయుట, కాపీకి కాపీయైన క్యాసెట్టులో వానపడుచున్నట్టు గీతలు, వీడియో సీడీలో నిలువునకు 288 గీతల బొమ్మ, డీవీడీలో 576 గీతలు. ఒక్క సంగతి మాత్రము నిలుపుకొనవలె. తెర ఎంత గొప్పదైనను దానికి అందించు ప్రతి గొప్పది కానిచో ప్రయోజనము లేదు. మేడమీది చేపముల్లు పోయినది గాని, అది నేర్పిన పాఠము పోలేదు.

ఇక అసలు సంగతికి వత్తుము. గాజుగొట్టపు పెట్టెలు పోయి పలుచని తెరలు వచ్చిన వేళ రెండు జాతులు పోటీపడినవి. ఒకటి ప్లాస్మా, రెండవది ఎల్.సి.డి. ప్లాస్మా తెర 1964లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయమున పుట్టినది. పుట్టినది వినోదమునకు కాదు, కంప్యూటరుద్వారా పాఠములు చెప్పుటకు. అందలి ప్రతి చుక్కయు తనంతట తాను వెలుగును, వెలుతురు అక్కరలేనిచోట బహుమట్టుకు ఆరియుండును. ఎల్.సి.డి. తెర తాను వెలుగదు. వెనుక దీపముండును, ముందు నున్న చుక్కలు కిటికీ తలుపులవలె ఆ వెలుతురును విడుచుట, ఆపుట చేయును. తలుపులు ఎంత బిగించినను సందులలోనుండి కొంత వెలుతురు జారును. అందుచేత నలుపు కావలసినచోట బూడిదరంగు కనబడును.

సినిమాకు నలుపే పునాది. థియేటరులో దీపములు ఆర్పుట ఎందులకు? తెరమీది వెలుతురు మనమనుకొన్నంత గొప్పది కాదు. కొలమానము చెప్పవలెనన్నచో థియేటరు తెర తెలుపు సుమారు 48 నిట్లు. నేటి దుకాణములోని టెలివిజను 300 నుండి 1000 నిట్లకు పైగా వెలుగును. అయినను థియేటరు బొమ్మ మనసున నిలుచును, దుకాణపు బొమ్మ ఇంటికి వచ్చునప్పటికి మరపునకు వచ్చును. మన శ్రోత వ్రాసినది అదే కదా!

ప్లాస్మా తెర చీకటి గదిలో సినిమాకు ఎల్.సి.డి.కంటె మేలని తెలిసినవారు పలుమార్లు చెప్పిరి. కాని జనులు పెట్టెలు కొన్నది చీకటి గదులలో కాదు, ట్యూబులైట్ల క్రింద. ఆ వెలుతురులో ప్లాస్మా మసకగా, ఎల్.సి.డి. జాజ్వల్యమానముగా కనబడెను. కరెంటు ఖర్చు, బరువు, పెద్ద సంఖ్యలో చవుకగా చేయుట మొదలైన కారణములు కూడ కలవు, కాదనము. పానసోనిక్ 2013 చివర ప్లాస్మా తెరల తయారీ ఆపినది. 2014లో సాంసంగ్, ఎల్.జి. కూడ తమవి ఆపనున్నట్లు ప్రకటించినవి. సినిమాకు మేలైన తెర దుకాణపు వెలుతురులో ఓడిపోయిన కథ ఇది. అదే 2013లో ఎల్.జి. 55 అంగుళముల ఓలెడ్ తెరను అమ్మకమునకు పెట్టినది. ఇందును ప్రతి చుక్క తానే వెలుగును, అక్కరలేనిచోట పూర్తిగా ఆరిపోవును. నలుపు మరల ఇంటికి వచ్చినది, కాని ధర చాల హెచ్చు.

ఇంత తెలిసిన పిమ్మట కోహీరు మిత్రులకు మేము చెప్పగలది ఇది.

దుకాణమునకు పోవునప్పుడు ‘మాయాబజార్’ చూపుమని అడుగుడు. 1957 నాటి ఆ చిత్రమునకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. వెన్నెల రాత్రి పడవపాటకు ఆయన దీపములతో సృష్టించిన వెన్నెల తెలుగువారికి నేటికిని ముచ్చటయే. 2010లో రంగులు వేసి విడుదల చేసినారు గాని, ఈ పరీక్షకు నలుపు తెలుపు ప్రతియే కావలె. దుకాణమువారు ఎప్పుడును చిలుకలను, రంగురంగుల పండ్లను చూపుదురు, వాటిలో ఏ తెరయు ఓడిపోదు. వెన్నెలలో ఓడిపోవును. నీరు నల్లగా నుండి, దానిమీద వెలుతురు తునకలు విడివిడిగా మెరసి, ముఖముల నీడవైపున కూడ కన్ను, చెంప తెలియవలె. నీరు బూడిదవలె నున్నను, నీడలన్నియు ఒకే నల్లని ముద్దయైనను ఆ తెర సినిమాకు తగదు. వీలైనచో దుకాణములో సగము దీపములైనను ఆర్పుమనుడు. మరియొక తేలిక పరీక్ష ఉన్నది. పగటివేళ, ఆర్పియుంచిన తెరను చూడుడు. మీ కిటికీ, మీ చొక్కా అందులో అద్దమువలె కనబడుచున్నచో సినిమాలోని చీకటి దృశ్యములందును అవియే కనబడును.

ఓలెడ్‌కు సొమ్ము చాలనిచో ఎల్.సి.డి.లలో కూడ తారతమ్యములు కలవు. (ఎల్.ఇ.డి. టీవీ అని అమ్మునది చాలవరకు ఎల్.సి.డి.యే. వెనుక దీపము మాత్రమే ఎల్.ఇ.డి.) ఐ.పి.ఎస్. అను రకమున తెలుపునకు, నలుపునకు గల నిష్పత్తి సుమారు 1000కి 1. వి.ఎ. అను రకమున 3000కి 1, అంతకు మించియు ఉండును. ఐ.పి.ఎస్. ప్రక్కనుండి చూచినను రంగు చెడదు. వి.ఎ. ఎదురుగా కూర్చుండిన వారికి మేలు. రాత్రి తండ్రీకొడుకులు ఎదురుగా కూర్చుండి చూచు ఇంటికి వి.ఎ.యే మా ఓటు. పగలు నడవ తలుపులు తెరచి, వాకిట కూర్చుండినవారు కూడ తొంగిచూచు ఇల్లయినచో నలుపును గూర్చిన ఈ పాట్లన్నియు నిష్ఫలము. అప్పుడు వెలుతురు గల తెరయే నయము.

పరిమాణమును గూర్చి ఒక మాట. తెర ఎత్తునకు మూడింతల కంటె కొంచెము ఎక్కువ దూరమున కూర్చుండుట హెచ్.డి. బొమ్మకు తగిన దూరమని లెక్క. 43 అంగుళముల తెరకు సుమారు 5½ అడుగులు, 55కు 7, 65కు 8 అడుగులకు పైన. పాత సినిమా ప్రతులు చాలవరకు హెచ్.డి. స్థాయినైనను అందుకొనవు కనుక, తెర మరీ పెద్దదైనచో వాటి లోపములే పెద్దవగును. ఫోర్‌కే అను మాటకు అదనముగా సొమ్ము పోయనక్కరలేదు. అట్లని అది లేని పెద్ద తెరలు నేడు అరుదే.

ఇల్లు చేర్చిన పిమ్మట చేయవలసిన పనికి ఖర్చు లేదు గాని, చేయువారు నూటికి పదిమందియు లేరని మా అనుమానము. కొత్త తెరలు తెలుపును నీలి ఛాయలో చూపును. పంచె తెల్లగా కనబడవలెనని నీలిమందు పెట్టినట్టే ఇదియు. పంచెకు బాగే, మనిషి మేనికి బాగుండదు. అమరికలలో ‘వార్మ్’ అనుదానిని ఎంచుకొనుడు. మొదట రెండు దినములు పసుపుగా తోచును, ఆపై కన్ను అలవాటుపడును. బొమ్మకు బొమ్మకు నడుమ లేని బొమ్మలను కల్పించి కదలికను నూనె రాచినట్టు నునుపు చేయు అమరిక ఒకటి ఉండును. దానిని తప్పక ఆర్పుడు. 24 బొమ్మల నడకయే సినిమా నడక. 2019లో కొందరు దర్శకులు, తయారీదారులు కలిసి ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ అను అమరికను ప్రకటించిరి. అది ఉన్న తెరలో ఈ పనులన్నియు ఒక్క మీటతో జరుగును. చివరగా, పాత సినిమా వేయునప్పుడు ఇరుప్రక్కల నల్లని ఖాళీ వచ్చినదని బొమ్మను సాగదీయకుడు. నాడు వెడల్పు సినిమాను ఇరుకు తెరకు కోసితిమి. నేడు ఇరుకు సినిమాను వెడల్పు తెరకు లాగి, సావిత్రిగారి ముఖమును గుమ్మడికాయ చేయుచున్నాము.

ఉత్తరము అడుగున శ్రోత మరొక ప్రశ్న కూడ వేసినారు. ఇంత పలుచని పెట్టెనుండి మాట సరిగా వినబడునా అని. వినబడదు. స్పీకర్లు వ్రేలెడు మందములో ఇమిడి, నేలవైపునకో గోడవైపునకో తిరిగియుండును. ఎనుబది ఏండ్ల చెవికి అది చాలదు. విడిగా రెండు మంచి స్పీకర్లు తండ్రిగారికి ఎదురుగా నుంచి తీగ కలుపుడని వ్రాసినాము. ఎట్టివి ఎంచుకొనవలెనో మా వృత్తికి దగ్గరి విషయము కనుక, వచ్చే నెల ప్రసంగములో విపులముగా చెప్పెదము.